పంచదార కరిగితే మట్టం పెరుగుతుంది: ఎన్‌సీఈఆర్‌టీకి బహిరంగ లేఖ

జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి సంచాలకులకు, విజ్ఞానశాస్త్ర పాఠ్యపుస్తకాల రచయితలకు,



గ్లాసు నీళ్లలో గ్లాసు పంచదార కరిగిస్తే ఎంతవుతుంది? గులాబ్ జామూన్‌కి పాకం పట్టే ఎవరినైనా అడగండి, గ్లాసున్నర అంటారు. ఇదే ప్రశ్న తొమ్మిదో తరగతి పిల్లలకు వేస్తే మాత్రం, నీటిమట్టం మారదనీ, పంచదార కణాలు నీటి కణాల మధ్య ఖాళీల్లో సర్దుకుంటాయనీ గుక్కతిప్పుకోకుండా చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వంటింట్లో చూసినది వేరు, పరీక్షలో రాయాల్సింది వేరు.

2006 నుంచి ఏళ్ల తరబడి నడిచిన మీ తొమ్మిదో తరగతి పుస్తకంలో మొదటి అధ్యాయం, మొదటి కృత్యమే ఇది. 100 మి.లీ. బీకరులో సగందాకా నీళ్లు పోసి, మట్టం గుర్తుపెట్టి, కాస్త ఉప్పో పంచదారో కరిగించి, మట్టం మారిందేమో చూడమన్నారు. న్యాయంగా చెప్పాలంటే, మారదని మీరు రాయలేదు. ప్రశ్న వేసి వదిలేసి, కాసేపటికి కణాల మధ్య చాలినంత చోటుందన్న మాటకు వెళ్లిపోయారు. మీరు వదిలిన ఆ ఖాళీలోకి మట్టం మారదనే గైడ్లు చక్కగా సర్దుకున్నాయి!

కొలిచి చూస్తే కథ వేరు. పంచదార స్ఫటికం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 1.59 గ్రాములు. అంటే 50 గ్రాముల పంచదార గాలి సందులు లేకుండా 31 మి.లీ. చోటు తీసుకుంటుంది. దాన్ని 100 మి.లీ. నీటిలో కరిగిస్తే మొత్తం దాదాపు 131 మి.లీ. అవుతుంది. కరగకముందు ఎంత చోటు తీసుకుందో కరిగాకా ఇంచుమించు అంతే. గ్లాసు పంచదార అరగ్లాసుగా మారినట్టు కనిపించడానికి కారణం పలుకుల మధ్య ఉన్న గాలి బయటికి పోవడం. ఉప్పు సంగతి కొంచెం వేరు. దాని ఘనపరిమాణంలో మూడో వంతు దాకా తగ్గుతుంది. అయాన్లు చుట్టూ ఉన్న నీటి అణువులను దగ్గరకు లాక్కోవడమే అందుకు కారణం. అక్కడ కూడా మట్టం పెరగకుండా ఉండదు. చెంచాడు పంచదారకు 100 మి.లీ. బీకరులో మట్టం మిల్లీమీటరున్నర పెరిగితే గొప్ప. స్కెచ్ పెన్ను గీత మందం అంత ఉంటుంది! అందుకే పిల్లలకు ఏమీ కనిపించదు, గైడు మాటే నెగ్గుతుంది. చెంచా బదులు 50 గ్రాములు, బీకరు బదులు సన్నని కొలజాడీ ఇవ్వండి చాలు.

కలిపితే తగ్గేవి లేకపోలేదు. 50 మి.లీ. నీళ్లు, 50 మి.లీ. ఆల్కహాలు కలిపితే 100 రాదు, 97 దరిదాపుల్లో ఆగుతుంది. ఆ మూడు మి.లీ. ఎటు పోయిందన్న ప్రశ్నతో ఒక పీరియడంతా గడపవచ్చు.

అదే పుస్తకంలో సరిచేయాల్సిన రెండోది అగరుబత్తి. వెలిగించనిదాన్ని తరగతి మూలన పెట్టి ఎంత దగ్గరకు వెళ్తే వాసన వస్తుందో చూడమని, తర్వాత వెలిగించి చూడమని మీ కృత్యం. కణాలు నిరంతరం కదులుతాయనీ, వేడెక్కితే జోరు పెరుగుతుందనీ దీంతో తేల్చాలి. గాలిలో అణువులు సెకనుకు దాదాపు అర కిలోమీటరు వేగంతో పోతాయన్నది నిజమే. కానీ మిల్లీమీటరులో పదివేలవ వంతు పోయేలోపే మరో అణువును ఢీకొని దారి మళ్లుతాయి. గాలి కదలని గదిలో ఉత్త వ్యాపనం వల్లనే వాసన అయిదు మీటర్లు చేరాలంటే సుమారు రెండు వారాలు పడుతుంది. మరి అరనిమిషంలో వెనక బెంచీకి ఎలా చేరింది? పైకి లేచిన వేడిగాలి, తలుపు సందు, ఫ్యాను మోసుకొచ్చాయి. పొటాషియం పర్మాంగనేట్ రంగుదీ అదే తంతు. నీటిలో అయిదు సెంటీమీటర్లు పాకడానికి వ్యాపనానికి ఒక్కదానికే రోజులకు రోజులు కావాలి. నిమిషాల్లో పాకిందంటే పలుకు మునుగుతూ కదిలించిన నీటి చలవే ఎక్కువ. అదే పర్మాంగనేట్ ద్రావణాన్ని పదింతలు, మళ్లీ పదింతలు పలుచన చేసే కృత్యం మాత్రం బంగారం లాంటిది. కణం ఎంత చిన్నదో చెప్పడానికి అంతకంటే సులువైన దారి బడిలో లేదు. దయచేసి దాన్ని తీసేయకండి.

పుస్తకాల్లో బొమ్మల గురించి రెండు ముక్కలు. ఘన, ద్రవ, వాయు గడుల్లో చుక్కల ఎడం క్రమంగా పెంచుతూ పోతారు. నిజానికి చాలా పదార్థాలు కరిగినప్పుడు ఘనపరిమాణం పదో వంతు పెరిగితే ఎక్కువ. మంచు అయితే తగ్గుతుంది కూడా. నీరు ఆవిరైతే 1600 రెట్లు దాటుతుంది, అంటే అణువుల మధ్య దూరం 12 రెట్లు. ద్రవం గడిలో చుక్కలు అయిదు మిల్లీమీటర్ల ఎడంలో ఉంటే, వాయువు గడిలో ఆరు సెంటీమీటర్లకు ఒకటి వేయాలి. గడిలో ఒకే చుక్క మిగిలినా ఫరవాలేదు, అది నిజం. ఆ చుక్క చుట్టూ ఏముందన్నది కూడా తేల్చి చెప్పాలి: ఏమీ లేదు. 1978లో ఇజ్రాయెల్ పిల్లలతో మాట్లాడిన నోవిక్, నుస్‌బామ్ అనే పరిశోధకులకు, కణాల మధ్య శూన్యాన్ని ఒప్పుకోలేని పిల్లలు ఎంతోమంది కనిపించారు. మన పిల్లలూ అక్కడ గాలే ఉంటుందంటారు.

అణువులు లేవన్న పెద్దలు కూడా ఒప్పుకున్న సాక్ష్యం ఒకటుంది. 1827లో రాబర్ట్ బ్రౌన్ సూక్ష్మదర్శినిలో పుప్పొడి రేణువుల్లోంచి నీటిలోకి వచ్చిన సూక్ష్మకణాల చలనం గమనించాడు. 1905లో ఐన్‌స్టీన్ దానికి లెక్క కట్టాడు. ఫ్రాన్స్‌లో జాఁ పెరాఁ ఒక రకం జిగురు గుళికలను నీటిలో వేసి, లెక్కపెట్టి, ఐన్‌స్టీన్ లెక్క నిజమని తేల్చాడు. దాంతో అణువులు లేవంటూ వచ్చిన రసాయన శాస్త్రవేత్త ఓస్ట్వాల్డ్ వంటి మొండిఘటం 1909 నాటికి మాట మార్చుకున్నాడు. పెరాఁకు 1926లో నోబెల్ వచ్చింది. ఇది చూడటానికి బడిలో ఉండే 400 రెట్ల సూక్ష్మదర్శిని సరిపోతుంది. పాలచుక్కను బాగా పలుచన చేసి, గాజుపలక మీద వేసి, పైన కవర్‌స్లిప్ పెట్టి అంచుకు వాజలీన్ రాస్తే నీరు పారకుండా ఉంటుంది. వెన్న గుళికలు ఉన్నచోటే అటూ ఇటూ అల్లాడుతుంటాయి. అక్కడ వాటిని తోసే గాలి లేదు, ఫ్యాను లేదు.

కొత్త పుస్తకాలు తయారవుతున్న కాలం ఇది. కణాల పాఠంలోకి పాలచుక్కను తీసుకురండి. అగరుబత్తిని ఉంచదలచుకుంటే గాలి ప్రవాహాల పాఠానికి మార్చండి. పంచదార కృత్యం కింద ఉపాధ్యాయులకు ఒక్క వాక్యం అచ్చువేయండి: మట్టం పెరిగిందని, ఎంత పెరిగిందో కొలిచి రాసిన పిల్లకు పూర్తి మార్కులు వేయాలి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు