నీరాకూ చలువ కావాలి

పాశ్చాత్య దేశాల్లో కలవారు ద్రాక్ష సారాను నేలమాళిగలో దాస్తారు. ఎండ పొడ తగలని గది, 12, 13 డిగ్రీల చలువ, బిరడా ఎండిపోకుండా సీసాను పడుకోబెట్టడం, ఇంతే అందులోని మర్మం. మంచి సరుకైతే ఏళ్లతరబడి నిలుస్తుంది. మన భీమునిపట్నం వైపు తాటిచెట్ల నీరాకు మాత్రం ఒక పూట నిలకడ కూడా లేదు.

వేకువజామున చెట్టు దించిన నీరా తియ్యగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ కంటికి కనబడని సూక్ష్మజీవులు అందులోని పంచదారను పులియబెట్టి కల్లు చేస్తాయి. లొట్టిని శుభ్రంగా కడిగి లోపల సున్నం పూస్తే పులుపు ఆలస్యమవుతుంది. అయితే సున్నం కాపు తెల్లవారే దాకానే. ఆ తర్వాత కాపాడేది చలువ ఒక్కటే.

విశాఖ చేపలరేవులో మరబోట్లు ఐసు నింపుకుని మరీ వేటకు వెళ్తాయి. చేపకున్న ఐసు నీరాకు ఎందుకు ఉండరాదు? పట్నవాసులు నీరా తాగరనడం సరికాదు. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వమే నీరా కేఫ్ తెరిచింది.

ప్రాణాలకు తెగించి చెట్టెక్కిన గీత కార్మికుడు, దాచే దారిలేక తీపి నీరాను కల్లుగా అమ్ముకుంటున్నాడు. తాగేవాడి ఇల్లు గుల్ల, గీసేవాడి చేతికి చిల్లర.

గీత సహకార సంఘాలకు ఊరికొక ఐసు పెట్టె, మూతగల శుభ్రమైన డబ్బాలు ఇప్పిస్తే చాలు. నేలమాళిగలు ఎవరూ అడగడంలేదు. వచ్చే వేసవిలోగా అధికారులు శ్రద్ధ వహించాలి. సంఘాల పెద్దలూ నోరు విప్పాలి.