దేశాలను లెక్కపెట్టాలా, మనుషులనా?

సంపాదకులకు,

పేద దేశాలు ధనిక దేశాలకు నానాటికీ దూరమవుతూనే ఉన్నాయని గత సంచికలో వ్యాసకర్త తేల్చేశారు. నేను ఒప్పుకోను. ఆయన ప్రతి దేశాన్నీ ఒక్కటిగా లెక్కవేశారు. ఆ లెక్కలో చైనా ఎంతో, పది లక్షల జనాభా కూడా లేని లక్సెంబర్గ్ అంతే! ఆర్థికవేత్త బ్రాంకో మిలనోవిచ్ ఈ తిరకాసును ఏనాడో విడమరిచి చెప్పారు. దేశాలన్నిటినీ సమానంగా చూస్తే 1980 తర్వాత రెండు దశాబ్దాల పాటు అంతరం పెరిగింది. జనాభాను లెక్కలోకి తీసుకుంటే అదే కాలంలో తగ్గింది. మొదట చైనా, ఆ తర్వాత మన దేశం ఎదగడమే అందుకు కారణం. 1990లో ప్రపంచ జనాభాలో మూడో వంతుకు పైగా కటిక పేదరికంలో ఉండేవారు. 2019 నాటికి దాదాపు పదిమందిలో ఒకరు. కోట్ల కుటుంబాల బతుకు మారిన సంగతిని అలా కొట్టిపారేయడం అన్యాయం.

అలాగని అంతా బాగుందనడం లేదు. సగటు ఆదాయాల చాటున దేశాల లోపలి అసమానత దాగి ఉంటుంది. చైనాలోనూ మన దగ్గరా అది పెరిగింది. అంతకంటే ముఖ్యం, చైనా ఇప్పుడు పేద దేశం కాదు. ఇకపై దాని ఎదుగుదల ప్రపంచ అంతరాన్ని మునుపటిలా తగ్గించలేదు. ఆ భారం ఆఫ్రికాది. కాంగో ప్రజాతంత్ర గణతంత్రంలో తలసరి ఆదాయం 1960 నాటి స్థాయిని ఇంకా అందుకోలేదు. జనాభా అతివేగంగా పెరుగుతున్న ఆ ఖండం గురించి వ్యాసంలో ఒక్క వాక్యమూ లేదు. దయచేసి దానిపై ప్రత్యేకంగా రాయించండి.

– ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు