పాడైందనగానే ‘ఎవరు చేశారు?’ అని అడక్కండి

మన ఇళ్లలో ఏ వస్తువు పాడైనా ముందు వినిపించే ప్రశ్న ఒకటే: "ఎవరు ముట్టుకున్నారు?" మిక్సీ తిరగకపోయినా, గీజరు వేడెక్కకపోయినా, టీవీలో బొమ్మ రాకపోయినా ముందు మనిషి దొరకాలి. మనిషి దొరికాక ఇక వస్తువు సంగతి ఎవరికీ పట్టదు. తిట్లు అయిపోతాయి, మిక్సీ మాత్రం అలాగే ఉంటుంది. ఈ అలవాటు వల్ల ఎక్కువ నష్టపోయేది వస్తువులు విప్పి చూడాలని సరదాపడే పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు అని నా అభిప్రాయం. మా ఇంట్లో ఒక కంప్యూటర్ రెండు వారాల పాటు పెట్టిన తిప్పలు చూశాక ఈ మాట రాయాలనిపించింది.

మా అమ్మాయి బీటెక్ రెండో ఏడు చదువుతోంది. పండగలకీ పుట్టినరోజులకీ పెద్దవాళ్లిచ్చిన డబ్బు దాచుకుని, తక్కువైంది మేం కలిపితే, విడిభాగాలు కొని తనే కంప్యూటర్ బిగించుకుంది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ రెండు ముక్కలు, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, వీటన్నిటినీ పెట్టుకునే క్యాబినెట్. మనం మొత్తం డబ్బాని ‘సీపీయూ’ అనేస్తాం కానీ, నిజానికి సీపీయూ అంటే లోపలుండే ఆ ప్రాసెసర్ చిప్పు ఒక్కటేనట. రెండు రోజులు హాల్లో దుప్పటి పరిచి, ఫోన్లో టార్చి వేసుకుని, చిన్న చిన్న వైర్లు ఒక్కొక్కటే పెట్టుకుంది. ఆన్ చేస్తే వెలిగింది. ఆ రోజు దాని మొహం చూడాలి మీరు!

నెల తిరక్కుండానే గొడవ మొదలైంది. పొద్దున ఆన్ చేస్తే బుద్ధిగా లేస్తుంది. రాత్రి దాకా పని చేసినా పేచీ లేదు. షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసినా బాగానే ఉంటుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం కూలబడుతుంది. ఒక్కోసారి ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఒక్కోసారి నీలం తెర వచ్చి ఆగిపోతుంది. ఒక్కోసారి ఏమీ జరగనట్టు మామూలుగా లేచి కూర్చుంటుంది. ఈ మూడోదే ఎక్కువ చిరాకు, ఎందుకంటే ఎవరికైనా చూపిద్దామంటే సరిగ్గా అప్పుడే మంచిదైపోతుంది.

ఇంట్లో తీర్పులు వెంటనే వచ్చేశాయి. "బ్రాండెడ్‌ది కొనమంటే విన్నారా?" అన్నారు మా ఆయన. ఆదివారం భోజనానికి వచ్చిన మా మరిది, "ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తే ఇంతే వదినా" అని నవ్వాడు. సరదాకే అన్నాడు, కాదనను. కానీ ఆయన కొడుకు కిందటేడు బండి విప్పి మూడు రోజులు బిగించలేకపోతే "నేర్చుకుంటున్నాడు" అన్నది కూడా ఆయనే. ఒకే పనికి అబ్బాయికైతే నేర్చుకోవడం, అమ్మాయికైతే పాడుచేయడం ఎలా అవుతుంది? ఆ మాట అక్కడే అడిగాను. ఇంకో ముద్ద పప్పన్నం కలుపుకున్నాడు, అంతే.

మా ఆయన మాటలో మాత్రం కొంత న్యాయం ఉంది. బ్రాండెడ్ కంప్యూటర్‌కి వారంటీ ఒక్కచోటే ఉంటుంది, తీసుకెళ్లి ఇచ్చేస్తే వాళ్లే చూసుకుంటారు. విడిగా కొన్నదానికి ప్రతి ముక్కకీ వేరే వారంటీ, వేరే బిల్లు. అయితే ఏ ముక్కలో తేడా ఉందో ముందు మనం కనిపెట్టాలి. అక్కడే ఉంది చిక్కంతా. ఆ కనిపెట్టే పని మొదలవకముందే ఇంట్లో దోషిని తేల్చేశారు. నాలుగు రోజులకి పిల్ల, "అమ్మేసి ల్యాప్‌టాప్ కొనుక్కుందాంలే అమ్మా" అంది. అంతకుముందు రోజుదాకా క్యాబినెట్ మూత తీసి కూర్చునేది, ఆ రోజు నుంచి దాని వంక చూడటం మానేసింది. కంప్యూటర్ పోతే పోయింది. ఈ చూడకపోవడమే నాకు భయం వేసింది.

నేను చదివింది బీఏ తెలుగు. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది తక్కువే. కానీ వాక్యంలో కర్త ఒక్కడే ఉండడని, క్రియ, కాలం కూడా ఉంటాయని తెలుసు. అందరూ కర్తనే పట్టుకు వేలాడుతున్నారు. అసలు ఏం జరుగుతోంది, ఎప్పుడు జరుగుతోంది అని ఎవరూ అడగడం లేదు. పాల లెక్క రాసే నోటుబుక్కులో వెనక పేజీ తిప్పి, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇది ఎప్పుడెప్పుడు ఆగుతోందో చెప్పు" అన్నాను.

ఆ ‘ఎప్పుడు’ దగ్గరే మొదటి ఆచూకీ దొరికింది. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం ఒకటేనని నేను అనుకునేదాన్ని, మీలో చాలామంది కూడా అనుకుంటూ ఉంటారు. ఒకటి కాదట. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒక ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ తన లోపలి సరంజామా కొంత డిస్కులో దాచుకుని పడుకుంటుంది, ఆన్ చేసినప్పుడు అదే తీసి పరుచుకుంటుంది. రీస్టార్ట్ నొక్కితే అలా కాదు, అంతా మొదటి నుంచి కొత్తగా మొదలుపెడుతుంది. అంటే, ‘రీస్టార్ట్ చేయకుండా వాడుకుంటే సరిపోతుందిగా’ అన్న సలహా పనికిరాదు. పైగా విండోస్ అప్‌డేట్లు చాలావాటికి రీస్టార్ట్ తప్పదు.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేసింది. ఇప్పుడు షట్‌డౌన్ అంటే నిజంగా షట్‌డౌనే. పదిసార్లు ఆపి పదిసార్లు ఆన్ చేశాం. పదిసార్లూ లేచింది. రీస్టార్ట్ పదిసార్లు చేస్తే ఆరుసార్లు కూలబడింది. దీన్నిబట్టి ఒకటి తేలింది. విండోస్ మొదటి నుంచి లేవడంలో ఇబ్బంది లేదు. కరెంటు పూర్తిగా ఆగి మళ్లీ వస్తే బాగుంటుంది, కరెంటు ఉండగానే మళ్లీ మొదలవ్వాలంటే తడబడుతుంది.

ఈలోగా ఒక మెకానిక్ ఫోన్లోనే "ఎస్‌ఎంపీఎస్ పోయిందమ్మా, మార్చేయండి" అని చెప్పేశాడు. విండోస్‌లో ‘ఈవెంట్ వ్యూయర్’ అని జరిగినవన్నీ రాసిపెట్టే చిట్టా ఒకటి ఉంటుంది. మేం చూస్తే అందులో ‘కెర్నల్-పవర్ 41’ అని వరసగా ఉంది. పవర్ అని ఉంది కదా, ఆయన చెప్పిందే నిజమనిపిస్తుంది. కానీ ఆ 41కి అర్థం, కంప్యూటర్ పద్ధతిగా ఆగకుండానే మళ్లీ మొదలైందని మాత్రమే. ఎందుకు ఆగిందో అది చెప్పదు. ఎస్‌ఎంపీఎస్ వల్ల కూడా కావచ్చు, ఇంకో దానివల్ల కూడా కావచ్చు. చిట్టా రాసే యంత్రం కూడా తెలియనప్పుడు ఎవరి పేరూ పెట్టలేదు చూడండి. మనం మాత్రం పెట్టేస్తాం.

అక్కడి నుంచి పద్ధతి ఒక్కటే పెట్టుకున్నాం: ఒకసారికి ఒక్కటే మార్చాలి. ఇది మనకు తెలియనిదేమీ కాదు. ఇడ్లీ గట్టిగా వస్తోందని మినప్పప్పు, రవ్వ, నీళ్లు, నానబెట్టే సమయం అన్నీ ఒకేసారి మార్చేస్తే, మర్నాడు మెత్తగా వచ్చినా ఎందుకొచ్చిందో తెలియదు. రోజుకొకటి మార్చి చూసే ఓపిక వంటింట్లో ఉన్నవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. అంతకన్నా ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు అన్నీ ఇంకో డిస్కులోకి కాపీ చేయించాను. మధ్యలో పదేపదే ఆగిపోయే యంత్రంలో ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంటుంది.

తర్వాత కీబోర్డు, మౌస్ తప్ప పెన్‌డ్రైవ్, వెబ్‌క్యామ్, ప్రింటర్ వైరు అన్నీ పీకేసి పది రీస్టార్ట్‌లు. ఐదుసార్లు కూలింది. సరే, వాటి తప్పు కాదు. ఆ తర్వాత ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కిపట్టి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, ర్యామ్ ముక్కలు తీసి మళ్లీ గట్టిగా టక్కుమనేలా పెట్టింది. మళ్లీ పది. ఆరుసార్లు కూలింది. రాత్రంతా మెమ్‌టెస్ట్86 అనే పరీక్ష పెన్‌డ్రైవ్ నుంచి నడిపితే ర్యామ్‌లో ఒక్క తప్పూ రాలేదు. ప్రతిదీ నోటుబుక్కులోకి ఎక్కింది: తేదీ, ఏం మార్చాం, ఎన్నిసార్లు చేశాం, ఎన్నిసార్లు ఆగింది.

ఐదో వరసలో లెక్క మారింది. ర్యామ్ మీద 3200 అని వేగం రాసి ఉంటుంది. కానీ చాలా ర్యామ్‌లు ఆ వేగంతో వాటంతటవే నడవవు. బయాస్‌లోకి వెళ్లి ‘ఎక్స్‌ఎంపీ’ అనేది ఆన్ చేస్తేనే నడుస్తాయి, లేకపోతే తక్కువ వేగంతోనే పని కానిచ్చేస్తాయి. మా అమ్మాయి దాన్ని ఆన్ చేసింది, అందరూ చేసేదే. ఇప్పుడు ఆఫ్ చేసింది. ర్యామ్ 2400 దగ్గర నడిచింది. పది రీస్టార్ట్‌లలో ఒక్కసారి కూడా ఆగలేదు. "దొరికిందమ్మా!" అని ఎగిరింది. "మళ్లీ ఆన్ చేసి చూడు" అన్నాను. ఆన్ చేస్తే మూడోసారికే కూలబడింది. ఆఫ్ చేస్తే మళ్లీ పదికి పదీ లేచింది. సగంసార్లు ఆగే యంత్రం ఊరికే అదృష్టం కొద్దీ వరసగా పదిసార్లు లేవడమంటే, నాణెం ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడటం లాంటిది. సుమారు వెయ్యిలో ఒక్కసారి జరుగుతుంది. కాబట్టి ఇది అదృష్టం కాదు.

మరి తప్పు ఎవరిది? ర్యామ్ మంచిదే, రాత్రంతా పరీక్షకి నిలబడింది. బోర్డు మంచిదే. ఆ వేగం దగ్గర, కరెంటు ఆగకుండా మళ్లీ మొదలయ్యే ఆ క్షణంలో ఇద్దరికీ పొత్తు కుదరలేదు. ఆన్ చేసినప్పుడల్లా బోర్డు ర్యామ్‌తో వేగం, సమయం సరిచూసుకుంటుందట. కొన్ని బోర్డులు రీస్టార్ట్ అప్పుడు ఆ సరిచూసుకోవడం కుదించి పాత లెక్కతోనే సరిపెట్టేస్తాయట. మా బోర్డు తయారుచేసినవాళ్ల వెబ్‌సైట్లో కొత్త బయాస్ ఉంది, అందులో మెమరీ పొత్తు మెరుగుపరిచామని రాసి ఉంది. బయాస్ మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోతే బోర్డే పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, యూపీఎస్‌కి తగిలించి చేసింది. బయాస్ మారాక ఎక్స్‌ఎంపీ దానంతటదే ఆఫ్ అయిపోతుంది, మళ్లీ ఆన్ చేసింది. ఈసారి ముప్ఫై రీస్టార్ట్‌లు. ఒక్కటీ ఆగలేదు.

ఖర్చు ఒక్క రూపాయి కాలేదు. మెకానిక్ మాట విని ఉంటే ఎస్‌ఎంపీఎస్ కొత్తది వచ్చేది, జబ్బు అలాగే ఉండేది. ఇంట్లోవాళ్ల మాట విని ఉంటే కంప్యూటర్ అమ్ముడుపోయేది, ‘నాకు చేతకాదు’ అనే మాట ఒకటి పిల్ల మనసులో ఉండిపోయేది. నాకు ఆ రెండోదే పెద్ద నష్టం. ఇరవై ఏళ్ల పిల్ల తన చేత్తో చేసిన మొదటి వస్తువు అది. దాన్ని విప్పి, చూసి, వెతికి, బాగుచేసే రెండు వారాల సమయం ఇంటివాళ్లు ఇవ్వలేకపోతే, రేపు ఉద్యోగంలో ఎవరో "నీవల్లే" అన్నప్పుడు అది ఏం చూపించి మాట్లాడుతుంది? ఇప్పుడైతే లెక్కలు చూపిస్తుంది.

విడిభాగాలు కొనడం అందరికీ సరిపడుతుందని నేను అనను. సమయం లేనివాళ్లు బ్రాండెడ్‌దే కొనుక్కోండి, హాయి. కానీ పిల్లలు ఏదైనా బిగిస్తామంటే మాత్రం మూడు పనులు చేయండి. ప్రతి ముక్క బిల్లూ, డబ్బా జాగ్రత్తగా దాచండి, వారంటీ అడగాలంటే అవే కావాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎవరినీ విప్పనివ్వకండి, ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది. పాడైనప్పుడు ఒక నోటుబుక్కు వాళ్ల చేతిలో పెట్టి, ఎప్పుడు ఆగింది, ఏం మార్చావు, ఎన్నిసార్లు చూశావు అని అడగండి.

మా ఆయన ఈ మధ్య ఆ నోటుబుక్కు తిరగేశారు. పాల లెక్క వెనక ఐదు పేజీలు రీస్టార్ట్ లెక్క. ఏమీ అనలేదు. మర్నాడు ఇన్వర్టర్ కూత పెడుతుంటే అమ్మాయిని పిలిచి, "ఇది ఎందుకిలా అరుస్తోందో ఒకసారి చూస్తావా?" అని అడిగారు. అది మూత విప్పలేదు. ముందు నోటుబుక్కు తెచ్చుకుంది.