వెనక బెంచీ పక్కన కూర్చునే మనిషి
హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బడుల్లో ‘టీచింగ్ అసిస్టెంట్’ అంటే ఎవరికీ తెలీదు. విద్యా వాలంటీరు అనండి, అంగన్‌వాడీ ఆయమ్మ అనండి, ఠక్కున అర్థమవుతుంది. క్లాసులో గోల ఆపే పని చాలాచోట్ల వీళ్ల నెత్తినే పడుతుంది, ఒక్కోసారి బెత్తం చేతికిచ్చి మరీ. అక్కడే తప్పు చేస్తున్నాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. సారుకే లేని హక్కు వాలంటీరుకెక్కడిది? మొన్న ఒక బడిలో చూశాను. స్కేలుతో బెంచీ మీద దరువేస్తున్న పిల్లాడి పక్కకొచ్చి వాలంటీరు అమ్మాయి కూర్చుంది. పేరు పెట్టి అరవలేదు. నోటుబుక్కులో లెక్క మీద వేలుపెట్టి, ‘ఇది ఎట్ల చేస్తావో చెప్పప్పా’ అంది, మెల్లగా. స్కేలు ఆగింది. వాడికి లెక్క రాకే ఆ దరువంతా! పాఠం ఆపకుండా ఈ పని బోర్డు దగ్గరున్న టీచరు చేయలేరు. హిందూపురంలో ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లాడు చెప్పింది అర్థంకాక దిక్కులు చూస్తే మొండివాడంటాం. ధర్మవరంలో మగ్గం చప్పుడు మధ్య నిద్ర చాలని పిల్ల కునికితే బద్ధకమంటాం. అదే వీధిలో ఉండే ఆయమ్మకు అసలు సంగతి తెలుసు, అడిగేవాళ్లేరీ? ఇద్దరి మాటా ఒకటిగా ఉండాలి కూడా; టీచరు వద్దన్నదానికి ఆమె సరేనంటే పిల్లలు ఇట్టే పసిగడతారు. అందుకే పొద్దున్నే ఇద్దరూ ఓ ఐదు నిమిషాలు మాట్లాడుకోవడాన్ని టైంటేబుల్లోకి ఎక్కించాలి. ఇక నెల తిరిగేసరికి వాళ్ల చేతికి డబ్బులందడం సంగతంటారా, దానికి ఇంకో కాలమ్ కావాలి.