ఆపరేషన్‌తోపాటే ఆహారం

పేగు మూసుకుపోయి పుట్టిన బిడ్డకు, పొట్టగోడ చీలి పేగులు బయటపడ్డ బిడ్డకు సర్జన్ చేసేది సగం పనే. పేగు కదలి పాలు అరిగేదాకా, వారమో నెలో, ఆ పసిగుడ్డు బతకాల్సింది నరానికి ఎక్కించే ఆహారంతోనే. వట్టి గ్లూకోజు సెలైన్ సరిపోదు. అందులో మాంసకృత్తులూ లేవు, కొవ్వూ లేదు. బిడ్డ ఒంట్లోని కండే కరిగిపోతుంది. కుట్లు మానవు.

ఇదేమీ కొత్త వైద్యం కాదు. చిన్నపేగు దాదాపు లేని ఆడశిశువును ఇలా పెంచి చూపినట్టు ఫిలడెల్ఫియా వైద్యులు విల్‌మోర్, డడ్రిక్ 1968లోనే ప్రకటించారు. పొట్ట చీలి పుట్టిన బిడ్డలు ధనిక దేశాల్లో నూటికి ఇద్దరు కూడా చనిపోవడం లేదు. మధ్యాదాయ దేశాల్లో 32 మంది, పేద దేశాల్లో 90 మంది పోతున్నారని 74 దేశాల ఆసుపత్రులను పరిశీలించి 2021లో లాన్సెట్ ప్రచురించింది. నరం ద్వారా ఆహారం అవసరమై కూడా అందనిచోట మరణాలు ఎక్కువని ఆ అధ్యయనమే చెప్పింది.

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ వ్యాధితో చనిపోయారు. ఆ జబ్బుకు మందైన ఫోలిక్ యాసిడ్‌ను అమెరికాలో ఆయన బృందమే తయారు చేసింది. ఈ పిల్లలకు ఎక్కించే విటమిన్లలో అదీ ఒకటి. ఆయన పేరు చెప్పుకొని మురిసే గోదావరి జిల్లాల్లో ఈ వైద్యానికి కొరత ఉండకూడదు.

అలాగని ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ పెట్టమనడం లేదు. చేతకానిచోట ఇది ప్రాణం తీస్తుంది. గొట్టం వెంట సూక్ష్మజీవి నేరుగా రక్తంలోకి పోతుంది, రోజులు పెరిగితే కాలేయం దెబ్బతింటుంది. కాకినాడ జీజీహెచ్, 2023లో మెడికల్ కాలేజీ వచ్చిన రాజమహేంద్రవరం: ఈ రెండుచోట్ల రాత్రీ పగలూ నడిస్తే చాలు. ద్రవాలు కలిపే శుభ్రమైన గది, ఫార్మసిస్టు, సిరంజి పంపులు, రెండు మూడు చుక్కల రక్తంతో పరీక్ష చేసే ల్యాబ్ కావాలి. రిబ్బన్ కత్తిరించడానికి ఇందులో పెద్దగా ఏమీ ఉండదు, నాయకులు నొచ్చుకోకూడదు. అమలాపురం, తణుకు ఆసుపత్రులు బిడ్డను వెచ్చగా ఉంచి, ముక్కు గొట్టంతో పొట్ట ఖాళీ చేసి, ముందే ఫోన్ చేసి పంపితే మేలు.

ప్రభుత్వ ఆరోగ్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ ఈ ఆహారానికి ఆపరేషన్ రేటుతో ముడిపెట్టకుండా రోజు లెక్కన విడిగా చెల్లించాలి. తర్ఫీదు పొందిన నర్సులను కనీసం మూడేళ్లు ఆ వార్డు నుంచి కదపకూడదు.