దెబ్బకు నిజము వెలువడునా?

దేశములో ఎక్కడనైనను బాంబు ప్రేలిన మరునాడు ఆత్మకూరు బస్సుస్టాండులోను, ఉదయగిరి రచ్చబండలమీదను వినవచ్చు మాట యొక్కటియే. "అట్టివానికి చట్టమేమి, కోర్టేమి? నాలుగు తగిలించిన నిజము తానే కక్కును." దెబ్బకు దయ్యము వదలునని మనవారి సామెత. దానిని భూతవైద్యుడు నమ్మిన నమ్ముగాక, ప్రభుత్వము నమ్మరాదు. బాంబు పెట్టినవానిమీది జాలిచే మేమీ మాట వ్రాయుటలేదు. అమాయకుల ప్రాణములు తీసినవాడు కఠినశిక్షకు పాత్రుడు. ఆ శిక్ష వానికే పడవలెను, మరియొకనికి పడరాదు. మా వాదమంతయు ఇంతియే.

కొట్టుడనువారు "ఉగ్రవాదిని కొట్టుడు" అందురు. కొట్టబడువాడు ఉగ్రవాది యని నిర్ణయించినదెవరు? విచారణ ముగిసిన పిమ్మట తేలవలసిన సంగతిని విచారణకు ముందే తేలినట్లు భావించి, ఆ భావననే దెబ్బకు ఆధారము చేసికొని, దెబ్బకు తాళలేక వాడు ఒప్పుకొన్న మాటను ఆ భావనకు రుజువుగా చూపుట యే న్యాయము? భారతములోని మాండవ్యుని కథ నెరుగనివారు మనలో లేరు. దొంగలు సొమ్ముతో వచ్చి ఆయన ఆశ్రమమున దాగిరి. ముని మౌనవ్రతమున నుండి బదులు చెప్పలేదు. ఆ మౌనమునే నేరముగా నెంచి రాజభటులు ఆయనను కొరత వేయించిరి. రాజు పిదప పాదములపై బడి వేడుకొనెను. ముని దేహమునుండి కొరతమాత్రము పూర్తిగా వెలువడలేదు. అనుమానముపై శిక్షించిన రాజ్యమునకు పశ్చాత్తాపమే మిగులునని మన పెద్దలు ఆనాడే చెప్పిరి.

ఈ పాఠము మన జిల్లాకు క్రొత్తది కాదు. కర్నూలు నవాబుతో కలిసి కుట్ర పన్నెనను అభియోగముపై ఉదయగిరి జాగీర్దారు 1840 ప్రాంతమున జాగీరు కోల్పోయెను. అంతట ఆ మెట్టసీమయు కంపెనీ కచ్చేరుల క్రిందికి వచ్చెను. ఆ కచ్చేరులలో ఏమి జరిగెడిదో తెలియగోరువారు చెన్నపట్టణమున 1855లో వెలువడిన హింసావిచారణ సంఘ నివేదికను చూడవలెను. 1854లో ఇంగ్లండు కామన్సు సభలో ప్రశ్న లేచిన మీదట ఇలియట్, స్టోక్స్, నార్టన్ అను మువ్వురు దొరలతో ఆ సంఘ మేర్పడెను. వ్రేళ్ళను కొయ్యల నడుమ నుంచి నొక్కు కిట్టి, మనిషిని వంచి మెడను కాళ్ళతో జేర్చి త్రాట కట్టి ఎండలో నుంచుట, కన్నులలో మిరపపొడి చల్లుట, ఇట్టివన్నియు అందు వర్ణింపబడినవి. రెవిన్యూ అధికారము, పోలీసు అధికారము ఆనాడు ఒకే తాసిల్దారుని చేతిలో నుండుటచే శిస్తు రాబట్టుటకును కిట్టియే, నేరము నొప్పించుటకును కిట్టియే సాధనమాయెను.

ఆ నివేదిక దొరలకు మచ్చ అంటనీయక దోషమంతయు దేశీయులైన చిల్లర యుద్యోగులపై మోపినది. ఇంత శిస్తు రావలెను, ఇన్నాళ్ళలో దొంగ దొరకవలెను అని పైనుండి తొందరపెట్టిన వారెవరని అది గట్టిగా అడుగలేదు. నేటికిని లాకప్పులో ఒకడు చచ్చిన సస్పెండగువాడు కానిస్టేబులే గాని, ఇరువదినాలుగు గంటలలో కేసు తేల్చుమని ఆజ్ఞాపించినవాడు కాడు.

అయినను ఆ నివేదికవలన ఒక మేలు కలిగినది. 1859లో చెన్నపట్టణపు పోలీసుశాఖ రెవిన్యూనుండి వేరుపడెను. పోలీసు అధికారికి చెప్పిన నేరాంగీకారము ముద్దాయికి విరుద్ధముగా సాక్ష్యము కాదను నియమము 1861 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో ప్రవేశించి, 1872 నాటి సాక్ష్యచట్టమున 25వ సెక్షనుగా నిలిచెను. 2024 జూలై 1నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమమున 23వ సెక్షనై నేటికిని నిలిచియున్నది. ఇది దొరల దయాదానము కాదు. మన ముత్తాతల వ్రేళ్ళు నలిగి సంపాదించిన హక్కు.

ఇట్టి హక్కును పరాయివాడు కాదు, స్వతంత్ర భారత ప్రభుత్వమే రెండుమారులు ప్రక్కకు నెట్టినది. 1987 నాటి టాడా 15వ సెక్షను, 2002 నాటి పోటా 32వ సెక్షను పోలీసు సూపరింటెండెంటు వ్రాసికొన్న నేరాంగీకారమును సాక్ష్యముగా అంగీకరించినవి. ఫలమేమి? 2002 సెప్టెంబరు 24న గాంధీనగరు అక్షరధామముపై జరిగిన దాడిలో ముప్పదిమందికి పైగా హతులైరి. పోటా క్రింద శిక్ష పడిన ఆరుగురిని, అందు మువ్వురు ఉరిశిక్ష పడినవారు, 2014 మే 16న సుప్రీంకోర్టు నిర్దోషులని విడిచిపెట్టెను. ఆ నేరాంగీకారములు నమ్మదగినవి కావనెను. ఏండ్ల తరబడి నిరపరాధులు చెరలో మ్రగ్గిరి. ఆత్మీయులను కోల్పోయిన కుటుంబములకు దక్కిన న్యాయమేమి?

అంతదూర మేల? మన హైదరాబాదునే చూడుడు. 2007 మే 18, శుక్రవారమునాడు మక్కామసీదులో బాంబు ప్రేలి తొమ్మండుగురును, అనంతరము పోలీసు కాల్పులలో ఐదుగురును మరణించిరి. పిమ్మట పాతబస్తీ ముసల్మాను యువకులను పలువురిని పట్టుకొనిపోయిరి. అక్రమముగా నిర్బంధించి, విద్యుదాఘాతములతో హింసించిరని వారు మొరపెట్టుకొనగా, మైనారిటీల కమిషను తరఫున విచారించిన న్యాయవాది ఆ మొరలకు ఆధారము కలదని నివేదించెను. కేసులు కోర్టులలో నిలువలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డెబ్బదిమందికి కలిపి డెబ్బదిలక్షల పరిహారము ప్రకటింపగా, 2013లో హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసెను. ఇంతలో దర్యాప్తు మరియొక దిక్కునకు మరలి స్వామి అసీమానంద మున్నగువారిపై అభియోగము వచ్చెను. 2010లో తానిచ్చిన వాంగ్మూలము బలవంతమువలన ఇచ్చినదని ఆయనయు పిమ్మట చెప్పెను. 2018 ఏప్రిలు 16న ప్రత్యేక న్యాయస్థానము విచారించిన ఐదుగురిని విడిచిపెట్టెను. టోపీ పెట్టినవాడును విడుదల, కాషాయము కట్టినవాడును విడుదల. ఉరుము ఉరిమి మంగలముమీద పడినట్లు దెబ్బలు ఎవరిమీదనో పడినవి. బాంబు పెట్టినదెవరను ప్రశ్న అట్లే నిలిచిపోయినది.

"గంటలో బాంబు ప్రేలనున్నది, పెట్టినవాడు చేజిక్కినాడు, అప్పుడేమి చేయుదురు?" అని తర్కించువారు కలరు. వాడే పెట్టెననియు, వానికి తెలియుననియు, కొట్టిన నిజమే చెప్పుననియు ముందే ఒప్పుకొన్నగాని ఈ ప్రశ్న నిలువదు. బాధ పడువాడు బాధ ఆగుటకు చాలిన మాట చెప్పును; అది నిజమగునో కాదో వినువానికి తెలియదు. అల్ లిబీ యను నిర్బంధితుడు ఈజిప్టులో హింసకు తాళలేక, ఇరాకు అల్‌ఖైదాకు రసాయనాయుధములలో శిక్షణ నిచ్చెనని చెప్పెను. 2003 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగమంత్రి పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఆ మాటనే వాదించెను. మార్చిలో యుద్ధము మొదలయ్యెను. అల్ లిబీ పిదప ఆ మాట అబద్ధమనెను. ఇట్టి హింసాపద్ధతులు సమాచారము రాబట్టుటకు పనికిరాలేదని 2014 డిసెంబరులో అమెరికా సెనేటు సంఘమే ప్రకటించెను.

మన దేశము హింసానిషేధపు అంతర్జాతీయ ఒడంబడికపై 1997లో సంతకము చేసినదే గాని నేటికిని ధ్రువపరుపలేదు. 2010లో లోకసభ ఆమోదించిన బిల్లు మురిగిపోయెను. 2017లో లా కమిషను మరల ముసాయిదా నిచ్చినను అది చట్టము కాలేదు. ముద్దాయి చెప్పినదానివలన ఏదైన వస్తువు దొరికిన, ఆ మాటమేరకు సాక్ష్యమగునను మినహాయింపు చట్టములో నేటికిని కలదు. ఠాణాలో కర్రకు పని కల్పించునది అదియే. కర్రకు మారుగా మన పోలీసులకు మంచి ప్రయోగశాలలు, తగిన సిబ్బంది, దర్యాప్తునకు తగిన వ్యవధి యిండు.

శాసనము వచ్చువరకు చేతులు ముడిచికొని కూర్చుండ నక్కరలేదు. నిర్బంధితునికి నలుబదియెనిమిది గంటలకొకమారు వైద్యపరీక్ష జరుగవలెనని డి. కె. బసు కేసులో 1996లోను, ప్రతి ఠాణాలోను కెమెరా లుండవలెనని 2020లోను సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. ఉదయగిరి, ఆత్మకూరు న్యాయవాదులు ప్రతి రిమాండునాడును ఈ రెంటిని గూర్చి మేజిస్ట్రేటు ఎదుట అడిగి, జవాబును రికార్డు చేయింపవలెను. కార్యకర్తలు ఠాణాలకు వెళ్ళి కెమెరాలు పనిచేయుచున్నవో లేదో విచారింపవలెను. గ్రామసభలు తీర్మానములు చేసి, హింసానిషేధ శాసనమును గూర్చి మీ అభిప్రాయమేమని మన పార్లమెంటు సభ్యుని అడుగవలెను. కంపెనీవాని కిట్టిని దేశభక్తి పేరిట మరల చేతబట్టుట మన స్వరాజ్యమునకు తలవంపు. దానిని విడిచిపెట్టుటకు నూటడెబ్బది యేండ్లు చాలవా?