క్రేను చక్రములు, చౌక బేరములు

విద్యుత్కేంద్ర మనగానే మనవారికి ఆకాశము నంటు పొగగొట్టము కన్నులకు గట్టును. ఆ కేంద్రపు బరువుల నెత్తి పెట్టిన క్రేను ఎవ్వరికిని జ్ఞాపకమునకు రాదు. అది నడచు చక్రముల మాట చెప్పనక్కరయే లేదు. గుండ్రముగ నుండి దొరలిన చాలు, చౌకగ వచ్చిన మరియు మేలు అని తలచు అధికారులు కొందరు లేకపోలేదు. ఈ తలంపు ప్రమాదకరమని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

ఈ ప్రసంగ మిప్పు డేల యని పాఠకు లడుగవచ్చును. రామగుండమున ఎన్.టి.పి.సి. వారి పాత కేంద్రము 2,600 మెగావాట్లది. దాని ప్రక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్లు రెండు లేచినవి. మొదటిది 2023 అక్టోబరులోను, రెండవది 2024 మార్చిలోను జాతి కంకిత మొనర్పబడినవి. గోదావరి కావలి వైపున జైపూరులో సింగరేణి వారి 1,200 మెగావాట్ల కేంద్రము 2016 నుండి పని చేయుచున్నది. అచ్చటనే మరియొక 800 మెగావాట్లకు పూనుకొన్నారు. పాత కరీంనగరము, పాత ఆదిలాబాదు జిల్లాల నడుమ ఇన్ని టర్బైను శాలలు! ప్రతి శాలలోను తలమీద నడచు క్రేను, ప్రతి బొగ్గుదిబ్బ కడను పట్టాలపై దొరలు యంత్రము. వీని చక్రములు అరుగుచునే యుండును. కొత్తవి కొనుచునే యుండవలెను. ఎట్లు కొనవలె ననునదే ప్రశ్న.

మొదట బరువు మాట. నూరు టన్ను లెత్తు క్రే నున్న దనుకొందము. దాని దూలములు 60 టన్నులు, వానిపై నడచు ట్రాలీ 30 టన్నులు, చక్రములు ఎనిమిది. మొత్తము 190 టన్నులను ఎనిమిదింట భాగించి, చక్రమునకు 24 టన్నులని తేల్చుట బడిపిల్లల లెక్క. బరువుతో కూడ ట్రాలీ ఒక కొసకు జరిగినపు డేమగును? ఆ 130 టన్నులలో నూటికి తొంబదియైదు పాళ్లు ఆ వైపు నాలుగు చక్రములే మోయవలెను. దూలముల పాలు కూడ చేర్చిన ఒక్కొక్క చక్రముపై 38 టన్నులు దాటును. ఇరువదినాలుగునకు కొన్న చక్రము ముప్పదియెనిమిదిని మోయునా? కొన్నాళ్లు మోయును. ఆ కొన్నాళ్లే గుత్తదారునకు కావలసినవి.

చక్రము మోయగల బరువు దాని వ్యాసమునుబట్టియు, అది ఆనుకొను పట్టా తల వెడల్పునుబట్టియు, వేగమునుబట్టియు, పని తరగతినిబట్టియు నిర్ణయింపబడును. పని తరగతులు ఎం-1 మొదలు ఎం-8 వరకు గలవు. క్రేనులకు ఐ.ఎస్. 3177 అను జాతీయ ప్రమాణ మున్నది. టర్బైను శాల క్రేను మరమ్మతు దినములలోనే మహాభారము నెత్తి, మిగిలిన కాలము ఊరకుండును. బొగ్గుదిబ్బ యంత్రమునకు విశ్రాంతి తక్కువ. ఎండయు, వానయు, పట్టాపై పడు బొగ్గుపొడియు దాని పాలివే. ఈ రెంటికిని ఒకే మాటలో చక్రములు కోరుట, పల్లకికిని గానుగకును ఒకే కొయ్య కోరినట్లు.

ఇక గట్టిదనము. పోత యినుము ఇట్టి భారములకు తగదు; పోత ఉక్కో, సుత్తెదెబ్బలు తిన్న ఉక్కో కావలెను. ముఖము సాధారణముగ 300 నుండి 350 బ్రినెల్ కాఠిన్యము గలదిగ నుండుట పరిపాటి. కాని సంఖ్య యొక్కటియే చాలదు. గుండ్రని దానిపై భారము పడినపుడు లోహమును చీల్చు ఒత్తిడి పైముఖమున గాక, కొంచెము లోపల అధికమై యుండునని హెర్ట్జ్ పండితుని 1882 ప్రాంతపు గణితమునుబట్టి తెలిసినది. కావున పైపొర మాత్రము గట్టిపరచి లోన మెత్తగ విడిచిన చక్రము పరీక్షనాడు మెరసి, కొన్ని మాసములకు పెచ్చులూడును. మన పల్లె వడ్రంగి బండిచక్రమునకు కమ్మి తొడిగించు మునుపు లోపలి కొయ్యను తట్టి చూచును. ఆపాటి జాగ్రత్త కోట్ల రూపాయల టెండరునకు పనికిరాదా?

అరిగిన చక్రమునే కొలిచి “ఇట్టిదే పంపుడు” అని వ్రాయుట మరియొక దురాచారము. అరిగినది కొంత సన్నగిలియే యుండును గదా! ఒక వైపు కొత్తది, వేరొక వైపు పాతది బిగించిన రెండింటి వ్యాసములు కుదరక క్రేను వంకరగ నడచి, చక్రపు అంచులు పట్టాను గోకుచుండును. నడపు చక్రములను జంటగ మార్చవలెను.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29వ సెక్షను, ఎత్తు యంత్రముల ప్రతి భాగమును మంచి కట్టడము, మంచి లోహము, చాలినంత బలము గలదై యుండవలెనని శాసించెను. పన్నెండు మాసముల కొకసారి యైనను సమర్థుడు పరీక్షింపవలె ననెను. క్రేను చక్రములు నడచు దారి దగ్గర మనుష్యుడు పని చేయుచుండగా ఆరు మీటర్లలోనికి క్రేను రాకుండ చూడవలె ననెను. ఆ చట్టము స్థానమునకై 2020లో కొత్త కోడు శాసింపబడినను, క్రేను క్రింద నిలుచు కూలివాని తల మారలేదు. అతడు తరచు ఈ జిల్లాల పల్లెవాడే.

“తక్కువ ధర వానికే ఇయ్యవలెనని నియమము, మే మేమి చేయుదుము?” అని అధికారు లందురు. న్యాయవాదులము గనుక ఈ మాటకు జవా బీయ నర్హులము. కోరిన గుణములన్నియు గల సరకులలో తక్కువ ధర యని నియమ తాత్పర్యము. కోరిక పత్రమున “చక్రములు, ఉక్కువి, ఎనిమిది” అని మాత్రము వ్రాసి, పిదప నియమమును నిందించుట నియమము తప్పు కాదు, కలము తప్పు.

జైపూరు కొత్త యూనిట్టు టెండరులలోనైనను అత్యధిక చక్రభారము, పని తరగతి, పట్టా కొలత, ఉక్కు జాతి, గట్టిదనము ఎన్ని మిల్లీమీటర్ల లోతు వరకు నుండవలెనో స్పష్టముగ వ్రాయవలెను. చక్రము కర్మాగారము దాటక మునుపే లోపలి పగుళ్లకై అల్ట్రాసౌండు పరీక్ష జరుపవలెను. ఆ పరీక్షాపత్రములు కొనుగోలు శాఖ బీరువాలో గాక, క్రేను నడపువాని గదిలో అందరికిని కనబడునట్లు వ్రేలాడదీయవలెను.